హోషంగాబాద్ సైన్సు తరగతి: ముప్పై ఏళ్ల చరిత్ర

మధ్యప్రదేశ్‌లో నర్మద ఒడ్డున ఉన్న హోషంగాబాద్‌కు 2022లో నర్మదాపురం అని పేరు మారింది. కానీ భారతదేశంలో సైన్సు బోధన గురించి మాట్లాడే వాళ్ల నోట ఇప్పటికీ పాత పేరే వినిపిస్తుంది. 1972 నుంచి 2002 దాకా ముప్పై ఏళ్లు, ఆ జిల్లాలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు సైన్సును మిగతా దేశం చదివినట్టు చదవలేదు. నలుగురేసి పిల్లలు జట్టుగా కూర్చుని ముందు ప్రయోగం చేసేవారు. చూసింది చూసినట్టు నోటుబుక్కులో రాసుకునేవారు. పక్క జట్టుకు వచ్చిన లెక్కతో పోల్చుకుని, తేడా ఎందుకొచ్చిందో వాదించుకుని, ఆ తర్వాతే ఒక అభిప్రాయానికి వచ్చేవారు. సంవత్సరాంతపు పరీక్షకు పుస్తకమూ నోటుబుక్కూ వెంట తెచ్చుకునేవారు. ఇదంతా ఫీజులు కట్టే పెద్ద బళ్లలో కాదు, మామూలు పల్లెటూరి ప్రభుత్వ బళ్లలో, ప్రభుత్వ ఉపాధ్యాయుల చేతుల మీదుగా జరిగింది. హోషంగాబాద్ సైన్సు బోధన కార్యక్రమం అని దీనికి పేరు.

దీనికి ముందు దేశంలో మాధ్యమిక తరగతుల సైన్సు ఎలా ఉండేదో చూస్తే, ఈ ప్రయత్నం ఎంత భిన్నమైనదో అర్థమవుతుంది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో బడిలో సైన్సు అంటే కొద్దిపాటి 'సామాన్య శాస్త్రం'. 1964–66 నాటి కొఠారీ కమిషన్ మొదటి పదేళ్ల చదువులో గణితాన్నీ సైన్సునూ అందరికీ తప్పనిసరి చేయాలని సిఫారసు చేసింది. 1961లో ఏర్పడిన ఎన్‌సీఈఆర్‌టీ, యునెస్కో సాయంతో కొత్త పాఠ్యపుస్తకాలు తెచ్చే పనిలో పడింది. అప్పటికే అమెరికాలో 1956లో మొదలైన పీఎస్‌ఎస్‌సీ భౌతికశాస్త్ర పథకం, ఇంగ్లండులో 1962 నుంచి సాగిన నఫీల్డ్ పథకం ప్రయోగాన్ని పాఠానికి కేంద్రంగా నిలబెట్టాలని చూశాయి. 1957లో సోవియట్ స్పుత్నిక్ ఎగిరాక పాశ్చాత్య దేశాల్లో సైన్సు చదువు మీద పెరిగిన ఆత్రుత కూడా ఇందుకు తోడైంది. ఆ గాలి భారతదేశానికీ వీచింది. అయితే బడి గదిలో పెద్దగా ఏమీ మారలేదు. పుస్తకంలో పటం ఉండేది, ఉపాధ్యాయుడు పాఠం చదివి వినిపించేవాడు, పిల్లలు నిర్వచనాలు వల్లె వేసేవారు. ప్రయోగశాల ఉన్న చోట కూడా దాని అల్మరాకు తాళం ఉండేది. గాజు సామాను పగిలితే డబ్బు ఎవరు కట్టాలన్న భయం ఆ తాళానికి కాపలా.

ఈ పరిస్థితిలో అఖిల భారత సైన్సు ఉపాధ్యాయుల సంఘంలోని భౌతికశాస్త్ర బృందం ఒక చిన్న పని చేసింది. డూన్ స్కూల్‌లో భౌతికశాస్త్రం చెప్పే బి.జి. పిత్రే వంటి వారు ఆ బృందానికి ముందు నడిచి, ప్రయోగాల ద్వారా భౌతికశాస్త్రం నేర్పే పాఠాలు తయారు చేశారు. ఇంచుమించు అదే కాలంలో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రవేత్తలు కొందరు అక్కడి మునిసిపల్ బళ్లకు వెళ్లి పిల్లలతో ప్రయోగాలు చేయించడం మొదలుపెట్టారు. ఈ రెండు ప్రయత్నాల అనుభవమూ హోషంగాబాద్‌కు చేరింది.

చేర్చింది రెండు స్వచ్ఛంద సంస్థలు. ఒకటి హోషంగాబాద్ పక్కన రసూలియాలో ఉన్న ఫ్రెండ్స్ రూరల్ సెంటర్. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖ వారు నెలకొల్పిన ఆ సంస్థను అప్పుడు గాంధేయవాది సుదర్శన్ కపూర్ నడిపేవారు. రెండోది అదే జిల్లాలో బన్‌ఖేడీ ప్రాంతంలోని కిశోర్ భారతి. దాన్ని స్థాపించిన అనిల్ సద్గోపాల్ అమెరికాలోని కాల్‌టెక్‌లో పీహెచ్‌డీ చేసి, టాటా ఇన్‌స్టిట్యూట్‌లో అణుజీవశాస్త్ర పరిశోధకుడిగా పనిచేసి, ఆ ఉద్యోగం వదిలి పల్లెకు వచ్చిన మనిషి. ఈ రెండు సంస్థలూ రాష్ట్ర ప్రభుత్వాన్ని అడిగింది ఒక్కటే: జిల్లాలో కొన్ని ప్రభుత్వ బళ్లలో సైన్సు పాఠ్యాంశాన్నీ, పుస్తకాన్నీ, బోధనా పద్ధతినీ మార్చి చూసే స్వేచ్ఛ. ప్రభుత్వం ఒప్పుకుంది. 1972లో 16 మాధ్యమిక పాఠశాలల్లో పని మొదలైంది. ప్రభుత్వ బడి పాఠ్యక్రమంలో బయటివాళ్లు చేయిపెట్టే వీలు ఆ రోజుల్లో దాదాపు లేదు. ఆ అనుమతి ఇచ్చిన అధికారులకు కూడా ఈ చరిత్రలో న్యాయంగా భాగం దక్కాలి.

మొదటి నుంచీ శాస్త్రవేత్తలు ఇందులో కలిశారు. కాస్మిక్ కిరణాల మీద పరిశోధన చేసిన యశ్‌పాల్ టాటా ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన తొలితరం వారిలో ఒకరు. 1973 నుంచి ఢిల్లీ విశ్వవిద్యాలయ అధ్యాపకులు, ముఖ్యంగా భౌతికశాస్త్ర విభాగం వారు, సెలవుల్లో రావడం మొదలుపెట్టారు. వినోద్ రైనా లాంటి యువ భౌతికశాస్త్రవేత్తలు చివరికి విశ్వవిద్యాలయ ఉద్యోగమే వదిలి పూర్తికాలం ఈ పనిలోకి దిగారు. విశ్వవిద్యాలయాల్లో క్వాంటం సిద్ధాంతం చెప్పేవాళ్లు ఆరో తరగతి ఉపాధ్యాయులతో కలిసి నేల మీద కూర్చుని, లోలకం ఊగడాన్ని లెక్కపెట్టడం ఈ కార్యక్రమం సాధించిన మొదటి విజయం. అలా కూర్చున్నప్పుడు తెలిసినవాడు, తెలియనివాడు అన్న గీత చాలావరకు చెరిగిపోయింది. ఎందుకంటే ప్రయోగం ఇద్దరికీ ఒకేలా ఎదురు తిరిగేది.

పాఠ్యపుస్తకం పేరు 'బాల్ వైజ్ఞానిక్'. మొదట విడి పాఠాలుగా బళ్లలో పరీక్షించి, దిద్ది, 1978 నుంచి తరగతికి ఒకటి చొప్పున పుస్తకాలుగా అచ్చు వేశారు. తర్వాత దాన్ని రెండుసార్లు సమూలంగా తిరగరాశారు. ఈ పుస్తకంలో నిర్వచనాలు ఉండవు. ప్రయోగం చేసే పద్ధతి ఉంటుంది, మధ్యమధ్య ప్రశ్నలు ఉంటాయి. జవాబులు మాత్రం ఉండవు. జవాబు పిల్లవాడి నోటుబుక్కులోనే తయారు కావాలి. అందువల్ల పుస్తకం ఒక్కటే చదివితే ఏమీ తెలియదు. పుస్తకం, ప్రయోగ సామగ్రి, నోటుబుక్కు మూడూ కలిస్తేనే పాఠం పూర్తవుతుంది.

ఆరో తరగతిలో అడుగుపెట్టిన పిల్లవాడికి ఏమి ఎదురయ్యేదో కొన్ని పాఠాలు చూస్తే తెలుస్తుంది. కొలతల పాఠంలో తరగతి అంతా ఒకే బల్ల పొడవు కొలుస్తుంది. కొలిచిన వాళ్లందరికీ ఒకే అంకె రాదు. మామూలు తరగతిలోనైతే ఉపాధ్యాయుడు సరైన అంకె ఇదీ అని చెప్పి, మిగతావి కొట్టివేయించేవాడు. ఇక్కడ ఆ తేడాలే పాఠం. స్కేలు అంచు అరిగిందా, సున్నా గీత దగ్గర పెట్టారా, కన్ను ఏ పక్క నుంచి చూసింది, చివర మిగిలిన ముక్కను ఎలా లెక్కేశారు? ఒక్కొక్కటీ చర్చకు వస్తుంది. ఎంత జాగ్రత్తపడినా కొంత తేడా మిగులుతుందని తేలాక సరాసరి అవసరం పడుతుంది. సరాసరి అంటే మొత్తాన్ని సంఖ్యతో భాగించడం అన్న సూత్రం ముందు చెప్పి, లెక్కలు తర్వాత చేయించడం లోకంలో పద్ధతి. ఇక్కడ అవసరం ముందు వచ్చింది, సూత్రం దాని వెనక నడిచింది.

లోలకం పాఠం ఇంకా ముందుకు వెళ్తుంది. దారానికి రాయి కట్టి ఊపాలి. పది ఊగులకు ఎంత కాలం పట్టిందో లెక్కపెట్టాలి. రాయి బరువు మార్చి చూస్తారు, కాలం మారదు. పిల్లలు చాలామంది దీన్ని నమ్మరు, మళ్లీ చేస్తారు. ఊపు కొంచెం పెంచి చూస్తారు, చెప్పుకోదగ్గ తేడా రాదు. చివరికి దారం పొడవు మారిస్తే కాలం మారుతుంది. 25 సెంటీమీటర్ల లోలకం ఒక పూర్తి ఊగుకు దాదాపు ఒక సెకను తీసుకుంటుంది. పొడవు నాలుగింతలు చేసి 100 సెంటీమీటర్లు పెడితే రెండు సెకన్లు పడుతుంది. పొడవుకూ కాలానికీ మధ్య ఉన్న ఈ ముడిని పిల్లలు గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి కనుక్కుంటారు. గెలీలియో పేరు చెప్పి పాఠం మొదలుపెట్టడం కంటే ఇది నెమ్మదైన దారి. కానీ ఒకసారి ఈ దారిన నడిచిన పిల్లవాడికి, ఒకేసారి ఒక్క అంశాన్నే మార్చి మిగతావన్నీ స్థిరంగా ఉంచాలన్న నియమం జీవితాంతం గుర్తుంటుంది. భౌతికశాస్త్రంలో సగం అదే.

రసాయన పాఠాలు కూడా ఇదే వరసలో ఉండేవి. సిరా చుక్క పెట్టిన సుద్దముక్కను కొద్దిపాటి నీళ్లలో నిలబెడితే, నీరు పైకి పాకుతున్నకొద్దీ నల్ల సిరాలోంచి నీలం, ఎరుపు లాంటి రంగులు విడివడతాయి. మిశ్రమాలను వేరుచేయడమనే పెద్ద పాఠం పిల్లల కళ్ల ముందు ఇలా తెరుచుకుంటుంది. ఆమ్లాలు, క్షారాల పాఠంలో లిట్మస్ కాగితం చూపే రంగులను బట్టి ఇంట్లో దొరికే ద్రవాలను వర్గాలుగా పంచుతారు. వాయువుల పాఠంలో పాలరాతి ముక్కో, సున్నపురాయో తీసుకుని దాని మీద ఆమ్లం పోసి, వచ్చిన వాయువును సున్నపు తేటలోకి పంపుతారు. తేట పాలలా తెల్లబడుతుంది. ఊపిరి ఊదినా అలాగే తెల్లబడుతుంది. అయితే మనం వదిలే గాలిలో ఏముంది? ఇక్కడ పుస్తకం ఆగిపోతుంది, ప్రశ్న మాత్రం తరగతిలో నిలబడుతుంది.

ఆకాశం పాఠానికి తరగతి గది చాలదు. ఆరుబయట ఒక కర్ర నిలువుగా పాతి, ప్రతి అరగంటకూ నీడ చివర గుర్తు పెడతారు. నీడ అతి పొట్టిగా ఉన్న వేళ స్థానిక మధ్యాహ్నం. ఆ నీడ గీసిన గీత ఉత్తర దక్షిణ దిక్కులు చూపుతుంది. గడియారం మాత్రం అప్పటికి పన్నెండు దాటి ఉంటుంది. భారత ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. హోషంగాబాద్ దానికి దాదాపు ఐదు డిగ్రీలు పడమరన ఉంది. అందువల్ల అక్కడ సూర్యుడు సగటున 20 నిమిషాలు ఆలస్యంగా నడినెత్తికి వస్తాడు. ఒక కర్ర, ఒక గడియారం, ఒక పగలు ఉంటే చాలు, రేఖాంశం అన్న మాట పిల్లలకు పటంలోంచి నేల మీదికి దిగుతుంది.

ఎనిమిదో తరగతి దాకా వచ్చేసరికి 'యాదృచ్ఛికత, సంభావ్యత' పాఠం వస్తుంది. నాణెం ఎగరేసి బొమ్మో బొరుసో రాసుకోవాలి. ఒక్కొక్క పిల్లవాడి పది విసుర్లలో ఏడు బొమ్మలు రావచ్చు, మూడే రావచ్చు. తరగతి అందరి విసుర్లూ కలిపితే బొమ్మల వాటా సగానికి దగ్గరవుతుంది. ఇంకా పెంచితే ఇంకా దగ్గరవుతుంది. ఇంటర్మీడియట్‌కు వెళ్లాక కూడా చాలామందికి సూత్రంగానే మిగిలే సంభావ్యతను పదమూడేళ్ల పిల్లల చేత ఇలా పట్టించడం ఈ పాఠ్యక్రమంలోని సాహసాల్లో ఒకటి.

సామగ్రి సంగతి వేరుగా చెప్పుకోవాలి. ప్రతి బడికీ ఒక కిట్ పెట్టె ఇచ్చేవారు. భూతద్దం, అయస్కాంతం, పరీక్షనాళికలు, బ్యాటరీ బల్బులు, కొలపాత్రలు లాంటివి అందులో ఉండేవి. మిగతాది ఊళ్లో దొరికేదే. కీటకాన్నో పువ్వునో విప్పి చూడడానికి సూదికి బదులు తుమ్మ ముల్లు వాడారు. ఈ దారిలో అందరికంటే దూరం వెళ్లినవాడు అరవింద్ గుప్తా. ఐఐటీ కాన్పూర్‌లో ఇంజనీరింగ్ చదివి టెల్కోలో ఉద్యోగం చేస్తున్న ఆయన 1978లో సెలవు పెట్టి హోషంగాబాద్ వచ్చాడు. సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో అగ్గిపుల్లలను కలిపి త్రిభుజాలు, ఘనాలు, స్ఫటికాల నమూనాలు చేశాడు. ఆ పనే తర్వాత ఆయన జీవితమైంది. పనికిరాని వస్తువులతో సైన్సు బొమ్మలు చేసే ఆయన పుస్తకాల్లో చాలావాటి తెలుగు అనువాదాలు ఆయన వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఉపాధ్యాయులు లేనిదే ఇదంతా కాగితం మీదే ఉండిపోయేది. ఈ బళ్లలో సైన్సు చెప్పినవాళ్లలో చాలామంది సైన్సు పట్టభద్రులు కారు. మూడేళ్ల పాటు ఏటా వేసవి సెలవుల్లో సుమారు మూడు వారాల శిక్షణ ఉండేది. ఆ శిక్షణలో ఉపన్యాసాలు తక్కువ. రేపు పిల్లలు ఏ ప్రయోగం చేస్తారో ఈ రోజు ఉపాధ్యాయులు అదే చేస్తారు, పిల్లల్లాగే తప్పులు చేస్తారు, వాదించుకుంటారు. బడి తెరిచాక నెలకోసారి ఆ చుట్టుపక్కల ఉపాధ్యాయులంతా ఒకచోట కూడి, ఏ ప్రయోగం కుదరలేదో, పిల్లలు ఏమడిగితే జవాబు చెప్పలేకపోయారో పంచుకునేవారు. మధ్యలో బృంద సభ్యులు బళ్లకు వెళ్లి తరగతిలో కూర్చునేవారు. తనిఖీ అధికారిలా లోపాలు రాసుకోవడానికి కాదు, ప్రయోగం చేయించడంలో చేయందించడానికి. 'హోషంగాబాద్ విజ్ఞాన్' అన్న పత్రికలో ఉపాధ్యాయులే రాసేవారు. నాకు తెలియదు, కలిసి చూద్దాం అని తరగతిలో పిల్లల ముందు ఒప్పుకునే ధైర్యం ఉపాధ్యాయుడికి రావడం, ఈ శిక్షణ మొత్తంలో అన్నిటికంటే కష్టపడి సాధించిన ఫలం.

పిల్లల ప్రశ్నలకు ఒక చిరునామా కూడా ఉండేది. 'సవాలీరామ్' అన్న కల్పిత వ్యక్తికి పిల్లలు ఉత్తరాలు రాయవచ్చు. పుస్తకంలోనే ఆ ఆహ్వానం ఉండేది. వచ్చిన ఉత్తరాలకు బృందంలోని వాళ్లు సవాలీరామ్ పేరుతోనే జవాబు రాసేవారు. పల్లెటూరి పిల్లవాడికి తన పేర ఒక ఉత్తరం రావడం, అదీ తను అడిగిన ప్రశ్నకు జవాబుతో రావడం ఎంత పెద్ద సంగతో ఊహించుకోవచ్చు.

ఎన్ని చెప్పినా అసలు మలుపు పరీక్ష దగ్గరే. మొదటి పిల్లల జట్టు ఎనిమిదో తరగతికి చేరేసరికి బోర్డు పరీక్ష ఎదురొచ్చింది. పాత పద్ధతి పరీక్షే పెడితే మూడేళ్ల శ్రమ ఒక్క పూటలో చెదిరిపోతుంది. ఎందుకంటే పరీక్షలో ఏది అడుగుతారో బడిలో అదే చెప్తారు. అందుకని ఈ బళ్లకు వేరే పరీక్ష పెట్టేందుకు ప్రభుత్వం ఒప్పుకుంది. రాత పరీక్షలో పుస్తకం, నోటుబుక్కు చూసుకోవచ్చు. ప్రశ్నలు మాత్రం పుస్తకంలో ఉండవు. ఒక పట్టిక ఇచ్చి దాన్నుంచి ఏం తేలుతుందో చెప్పమంటారు, ఒక గ్రాఫు ఇచ్చి చదవమంటారు, ఒక ప్రయోగంలో ఏది సరిగా చేయలేదో పట్టమంటారు. దీనితోపాటు ప్రయోగ పరీక్ష ఉంటుంది. పిల్లవాడు సామగ్రితో తన చేత్తో పని చేసి చూపించాలి. ప్రశ్నపత్రాలు తయారు చేయడంలో, దిద్దడంలో ఉపాధ్యాయులకే పెద్ద వాటా ఇచ్చారు. ఒక ప్రభుత్వ బోర్డు పరీక్షలో పుస్తకం చూసి రాయనివ్వడం అప్పటికి వింత. ఈ కార్యక్రమం అంతకాలం నిలబడిందంటే మొదటి కారణం పుస్తకమూ కాదు, కిట్టూ కాదు, ఈ పరీక్షే.

1978లో కార్యక్రమం 16 బళ్ల నుంచి జిల్లాలోని మాధ్యమిక పాఠశాలలన్నిటికీ, అంటే రెండు వందలకు పైగా బళ్లకు విస్తరించింది. 1982లో దీన్ని ముందుకు నడపడానికి ఏకలవ్య సంస్థ ఏర్పడింది. అక్కడి నుంచి ఇతర జిల్లాల్లో కొన్ని కొన్ని బళ్లను ఎంచుకుని విత్తనం నాటినట్టు పని మొదలుపెట్టారు. దేవాస్, ఉజ్జయిని, ధార్, రత్లాం, మంద్‌సౌర్ లాంటి జిల్లాలు ఆ జాబితాలో చేరాయి. ఏకలవ్య 1985లో పిల్లల కోసం 'చక్‌మక్' పత్రిక మొదలుపెట్టింది, తర్వాత ఉపాధ్యాయుల కోసం 'సందర్భ్' వచ్చింది. బడి సైన్సు చుట్టూ ఒక చదువరి లోకం ఇలా తయారైంది.

లోపాలూ లేకపోలేదు. చేత్తో చూపలేనిది పిల్లలకు చెప్పకూడదన్న నియమం వల్ల అణువులు, పరమాణువులు, రసాయన సంకేతాలు, సమీకరణాలు 'బాల్ వైజ్ఞానిక్'లో చేరలేదు. తొమ్మిదో తరగతిలో అడుగుపెట్టేసరికి అవే మొదటి పేజీ నుంచి ఎదురయ్యేవి. కార్యక్రమం 6 నుంచి 8 వరకే ఉండడం, హైస్కూలు మునుపటి పద్ధతిలోనే నడవడం పిల్లలను రెండు వేర్వేరు లోకాల మధ్య నిలబెట్టింది. అన్నిటినీ పిల్లలే స్వయంగా కనుక్కోగలరన్న మొదటి రోజుల నమ్మకం కూడా కాలక్రమంలో సడలింది. కొన్ని చోట్ల పుస్తకం కాస్త సమాచారం అందించక తప్పదని తర్వాతి ముద్రణల్లో ఒప్పుకున్నారు. ఇక నిత్యజీవితపు కష్టాలు సరే సరి. కిట్‌లో అరిగిపోయినవి, పగిలినవి సమయానికి తిరిగి నింపాలి. శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు బదిలీ అయితే కొత్తవాడికి శిక్షణ ఇవ్వాలి. నెలవారీ సమావేశానికి వెళ్లడానికి ఖర్చులు ఇవ్వాలి. ఇవన్నీ ప్రభుత్వ యంత్రాంగం చేయాల్సిన పనులు. అది మందగించిన చోటల్లా తరగతిలో ప్రయోగం ఆగి, పుస్తకం చదివించడం మళ్లీ మొదలయ్యేది.

2002లో హోషంగాబాద్ జిల్లా ప్రణాళికా సంఘంలో ఈ కార్యక్రమాన్ని ఆపాలన్న మాట వచ్చింది. జిల్లాలో పదో తరగతి ఫలితాలు బాగాలేవు, రాష్ట్రమంతా ఒకే పాఠ్యక్రమం ఉండాలి అన్నవి చెప్పిన కారణాలు. ఆ ఏడాదే రాష్ట్ర ప్రభుత్వం కార్యక్రమాన్ని మూసేసింది. దేశం నలుమూలల నుంచి శాస్త్రవేత్తలు, విద్యావేత్తలు అభ్యంతరం తెలిపినా నిర్ణయం మారలేదు. ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. పదో తరగతి ఫలితం సైన్సు ఒక్కదానిది కాదు. ఇంగ్లీషు, గణితంతో సహా అన్ని సబ్జెక్టులూ కలిస్తే వచ్చేది. 6 నుంచి 8 వరకు సైన్సు బోధించిన పద్ధతి మీద దాని భారమంతా మోపడానికి తగిన ఆధారం లేదు. ముప్పై ఏళ్లు నడిచిన కార్యక్రమాన్ని ఆపే ముందు, బహిరంగంగా ఒక మూల్యాంకనం చేయించి ఉండాల్సింది. ఆ కాలం చరిత్రను కార్యక్రమంలో చాలాకాలం పనిచేసిన సుశీల్ జోషి 'జశ్న్-ఎ-తాలీమ్' అన్న హిందీ పుస్తకంగా రాశారు.

మూసేసినంత మాత్రాన ఆ అనుభవం పోలేదు. మూడేళ్లకే, 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం వచ్చింది. దాన్ని రూపొందించిన జాతీయ సంఘానికి అధ్యక్షుడు యశ్‌పాల్, తొలినాళ్లలో హోషంగాబాద్ ఉపాధ్యాయులతో కలిసి కూర్చున్న ఆయనే. అంతకుముందు 1993లో పిల్లల పుస్తకాల బరువు మీద నివేదిక ఇచ్చిన సంఘానికి కూడా ఆయనే అధ్యక్షుడు. బట్టీకి దూరంగా జరగాలని, బడిలోని చదువును బయటి జీవితంతో ముడిపెట్టాలని, పరీక్షల్లో మరింత వెసులుబాటు ఉండాలని ఆ చట్రం చెప్పింది. దాని తర్వాత తయారైన ఎన్‌సీఈఆర్‌టీ సైన్సు పుస్తకాల్లో కృత్యాలు పాఠంలోనే కలిసిపోయాయి.

తెలుగు నేల మీదికి ఆ ధోరణి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011 పాఠ్యప్రణాళిక చట్రంతో వచ్చింది. ఆ తర్వాత ఏళ్లలో వెలువడిన కొత్త పాఠ్యపుస్తకాల తయారీలో ఉదయపూర్ విద్యాభవన్ తరఫున పనిచేసిన సలహాదారుల్లో హోషంగాబాద్ అనుభవం ఉన్నవాళ్లు కూడా ఉన్నారు. ఆ పుస్తకాల్లో ఆరు, ఏడు తరగతులకు సామాన్య శాస్త్రం ఒకే పుస్తకం. ఎనిమిదిలో అది భౌతిక రసాయన శాస్త్రం, జీవశాస్త్రం అని రెండుగా విడిపోతుంది. పిల్లల మాటల్లో పి.ఎస్., ఎన్.ఎస్. అన్నమాట. పుస్తకం నిండా 'కృత్యం' అన్న శీర్షికలు, 'ఆలోచించండి, చర్చించండి' అన్న పెట్టెలు కనిపిస్తాయి. బడి బయట 1988లో పుట్టిన జన విజ్ఞాన వేదిక, దాని 'చెకుముకి' పత్రిక, అదే పేరుతో జరిగే సైన్సు పోటీలు పిల్లలను ఇదే దిశగా నడిపించాయి.

పుస్తకం మారింది, పరీక్ష మాత్రం అంతగా మారలేదు. తెలుగు రాష్ట్రాల్లో పదో తరగతి భౌతిక రసాయన శాస్త్రంలో సింహభాగం మార్కులు ఇప్పటికీ రాత పరీక్షవే. ప్రయోగం వివరించండి అన్న ప్రశ్నకు, ప్రయోగం ఎన్నడూ చేయని పిల్లవాడు కూడా గైడు చూసి బట్టీ పట్టి పూర్తి మార్కులు తెచ్చుకోగలడు. హోషంగాబాద్‌లో తొలి జట్టు ఎనిమిదో తరగతికి వచ్చినప్పుడే ఆ కార్యక్రమ నిర్వాహకులు గుర్తించిన చిక్కు ఇదే. పుస్తకాన్ని మార్చి పరీక్షను వదిలేస్తే తరగతి మారదు. ఉపాధ్యాయుడికి నెలనెలా తోడు లేకపోయినా మారదు. అందుకని ఇప్పుడున్న భౌతిక రసాయన శాస్త్ర పుస్తకాలకు తగ్గ ప్రయోగ పరీక్షను, పుస్తకం చూసి రాసే ప్రశ్నపత్రాన్ని కనీసం ఎనిమిదో తరగతి దాకానైనా రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలు ప్రయత్నించి చూడాలి. అలాంటి పరీక్షను రెండు వందలకు పైగా ప్రభుత్వ బళ్లలో ఏళ్ల తరబడి నడపవచ్చని మామూలు ఉపాధ్యాయులు ఇంతకుముందే నిరూపించారు.